క్లోరిన్ వేళ

సదాశివరావు గారు ఢిల్లీ కృషి భవన్‌లో డిప్యూటీ సెక్రటరీగా రిటైరైన కొద్ది నెలలకి ఆర్.కె.పురంలోని గవర్నమెంటు క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇందిరాపురంలో కొనుక్కున్న ఫ్లాటుకి ఇంకా గోడలే లేవలేదు. బిల్డరుని ఎప్పుడు అడిగినా దీపావళికి ఇచ్చేస్తామంటాడు. ఏ సంవత్సరం దీపావళికో మాత్రం చెప్పడు. అంతదాకా వేరే ఇల్లు వెతుక్కోవడం ఎందుకని కూతురు నేహా అమ్మానాన్నలిద్దరినీ గుడ్‌గావ్‌లోని తన ఇంటికి తీసుకొచ్చేసింది. అది 2005 మార్చి నెల.

నేహా, ఆమె భర్త భరద్వాజ్ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వాళ్లు అద్దెకుంటున్న ఇంటి వెనక చిన్న ఈతకొలను ఒకటి ఉంది. ఒక చివర నడుం లోతు, రెండో చివర మనిషి మునిగేంత లోతు, చుట్టూ రాజస్థాన్ ఎర్రరాయి గట్టు. ఇంటి యజమాని గులాటీ దాన్ని మోజు పడి కట్టించుకున్నాడు. తర్వాత వాళ్లావిడకి ఢిల్లీ ఎండ పడక ఇద్దరూ డెహ్రాడూన్ వెళ్లిపోయారు. వెళ్తూ అద్దెకిచ్చేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే. కొలనులో నీళ్లు పాడవకూడదు.

కొలను చూడటానికి వారానికోసారి ఒక కంపెనీ మనిషి వచ్చేవాడు. అతను వచ్చి వెళ్లిన రోజు నీళ్లు అద్దంలా ఉండేవి. మరో రెండు మూడు రోజులు గడిచేసరికి మసకబారేవి. నేహాకి గానీ భరద్వాజ్‌కి గానీ వాటివైపు చూసే తీరికే లేదు. తెల్లవారితే ఆఫీసు, చీకటి పడితే అమెరికా వాళ్లతో ఫోన్లు. ఇద్దరూ కలిసి ఆ నీళ్లలో దిగింది ఎప్పుడో గుర్తు చేసుకోవాల్సిందే.

సదాశివరావు గారిది కదిరి పక్క పల్లె. వానలు పడని ఏళ్లలో బిందెడు నీళ్ల కోసం బావి అడుగున ఊట ఊరేదాకా కూర్చున్న ఇంట్లో పుట్టినవారు. కళ్లెదుట అన్ని నీళ్లు మసకబారుతుంటే ఆయనకి చూడబుద్ధి కాలేదు. వచ్చిన రెండో వారమే ఆ కంపెనీ మనిషికి నమస్కారం పెట్టి పంపేశారు.

"నేను ఊరికే కూర్చోని ఏం చేస్తానమ్మా? ఇది నేను చూసుకుంటాను" అని నేహాతో అన్నారు.

ఆ రోజు నుంచి కొలను ఆయన డ్యూటీ అయిపోయింది. చీకటి విడకముందే లేచి, లుంగీ పైకి కట్టుకుని, గట్టు మీదికి వెళ్లేవారు. చిన్న గాజు గొట్టంలో కొలను నీళ్లు పట్టి, సీసాలోంచి మందు చుక్కలు వేసేవారు. నీళ్లలో క్లోరిన్ ఉంటే గొట్టం పసుపు రంగుకి తిరుగుతుంది. లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. ఆయన చూసిన ప్రతి పొద్దునా అది తెల్లగానే ఉండేది. అప్పుడు బకెట్ నీళ్లలో క్లోరిన్ పొడి కలిపి, అడుగున సున్నంలాంటిది పేరుకునేదాకా ఆగి, పైనున్న తేట నీళ్లను గట్టు చుట్టూ తిరుగుతూ కొలనులో పోసేవారు. మోటారు వేసేవారు. రాలిన వేపాకులను వలతో తీసేవారు. పొడుగాటి కర్ర చివర కట్టిన బ్రష్షుతో గోడలు రుద్దేవారు. అన్నీ అయ్యేసరికి ఎండెక్కేది. లుంగీల మీద తెల్ల మచ్చలు పడ్డాయి. ఎంత సబ్బు పెట్టి కడుక్కున్నా కాఫీ గ్లాసు పట్టుకుంటే చేతులు క్లోరిన్ వాసనే కొట్టేవి.

అయినా మొదట్లో ఆయన సంతోషంగానే చేశారు. ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన చేతులకి ఫలితం కంటికి కనిపించే పని దొరికింది. జనక్‌పురిలో ఉన్న పాత స్నేహితుడు పార్థసారథి ఫోన్ చేసినప్పుడల్లా నీళ్ల గురించే చెప్పేవారు. పార్థసారథి కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన ఏదో చెప్పబోయినా వినకుండా, అంతా తన చేతిలోనే ఉందని సదాశివరావు గారు మాట మార్చేసేవారు.

ఏప్రిల్‌లో పార్థసారథి దంపతులతో కలిసి ఈ దంపతులు కూడా హరిద్వార్ వెళ్లొచ్చారు. పట్టుమని వారం కూడా లేరు. కొలను పని నేహా చూస్తానంది. మొదటి రోజు చూసింది. తర్వాత ఆఫీసులో ఏదో ప్రాజెక్టు మీద పడింది. వీళ్లు ఆటో దిగి వెనక్కి వెళ్లి చూస్తే కొలను నిండా తోటకూర ఉడికించి పోసినట్టుంది. గోడలు చెయ్యి పెడితే జారుతున్నాయి. మధ్యలో కప్ప ఒకటి దర్జాగా ఆకు మీద కూర్చుంది.

నేహా ముఖం చిన్నబోయింది. "సారీ నాన్నా, సచ్ మే భూల్ గయీ, నిజంగా మర్చిపోయాను" అంది. భరద్వాజ్ ఆ నీళ్లన్నీ తోడి పారేసి, ట్యాంకర్లతో కొత్త నీళ్లు నింపిద్దామన్నాడు. ఆ మాట వినగానే సదాశివరావు గారికి ఒంట్లో నొప్పి పుట్టినట్టయింది. అన్ని నీళ్లు రోడ్డు పాలు చేయడం తన వల్ల కాదన్నారు. వారం పైగా పొద్దున, సాయంత్రం మందు పోసి, గోడలు రుద్ది, మోటారు ఆపకుండా తిప్పి, కరెంటు పోయినప్పుడల్లా తిట్టుకుని, మొత్తానికి ఆ పచ్చదనాన్ని వదిలించారు. కప్పను మాత్రం బకెట్‌లో పెట్టి పార్కులో వదిలొచ్చారు.

నడుం పట్టేసి మంచం మీద వాలి, ఇక మీదట ఇల్లు కదిలేది లేదని ప్రకటించారు.

ఆయన భార్య కస్తూరి ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు. మేలో పట్టించుకోవాల్సి వచ్చింది. కాకినాడలో ఆమె తమ్ముడు శేషగిరి ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి అక్కా బావా పీటల దగ్గర ఉండాలని మరీ మరీ ఫోన్ చేశాడు. ఆ నెలలో ఎండలు మామూలుగా లేవు. రాజస్థాన్ వైపు నుంచి వేడిగాలి దుమ్ము మోసుకొచ్చి నీళ్లలో పోస్తోంది. పొద్దున పోసిన క్లోరిన్ మధ్యాహ్నానికల్లా మాయమవుతోంది. ఆయన పాళ్లు పెంచారు. పెంచిందీ మాయమైంది. అలాంటప్పుడు కొలనును వదిలి వచ్చేదెట్లా అని ఆయన రానన్నారు. కస్తూరి ఒక్కతే రైలెక్కింది.

తిరిగొచ్చాక ఆమె పెద్దగా గొడవ పడలేదు. గొడవ పడటం ఆమె పద్ధతి కాదు. తెచ్చిన పూతరేకులు పళ్లెంలో పెట్టి ఇస్తూ మాత్రం ఒక మాట అంది.

"బావగారు రాలేదేంటని అందరూ అడిగారండీ. నీళ్లకి కాపలా ఉన్నారని చెప్పాను. ఎవరూ నమ్మలేదు."

ఆ మాట ఆయనకి తగిలింది. ఈ చాకిరీని ఎలాగైనా తగ్గించుకోవాలని ఆయన నిర్ణయించుకున్నది ఆ రోజే. ముందు భరద్వాజ్‌ని అడిగారు. ఉప్పు కలిపిన నీళ్లలోంచి క్లోరిన్‌ని తనే తయారుచేసుకునే యంత్రం ఒకటి ఉందని, అది పెట్టేస్తే పోయాల్సిన పనే ఉండదని అతను ఇంటర్నెట్‌లో చూసి చెప్పాడు. గులాటీకి ఫోన్ చేస్తే ఉప్పు నీళ్లకి తన ఎర్రరాయి పెచ్చులూడిపోతుందని ఆయన ససేమిరా అన్నాడు. తర్వాత సదాశివరావు గారు స్వయంగా ఢిల్లీలో భోగల్ బజారు దాకా వెళ్లి, నీటి మీద తేలే ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొనుక్కొచ్చారు. అందులో క్లోరిన్ బిళ్లలు వేసి వదిలితే అవి మెల్లమెల్లగా కరుగుతూ ఉంటాయి. కొంత పని తగ్గింది. కానీ ఆ మండే ఎండకి బిళ్లలు ఒక్కటే చాల్లేదు. పొద్దున గొట్టం తెల్లగానే ఉండేది. బకెట్ పట్టుకుని తిరగడం తప్పలేదు.

జూన్ నడిమికి వచ్చింది. ఒక రోజు కాఫీ ఇస్తూ కస్తూరి చెప్పింది. ఆ మందేదో పొద్దున పోయడం మానేసి, పొద్దుగుంకాక పొయ్యమని. తెల్లవారి లేచి తులసి దగ్గర దీపం పెడదామంటే ఆ వాసనకి అగరొత్తి వాసన కూడా తెలియడం లేదని.

ఆయన ఒప్పుకోలేదు. రాత్రంతా నీళ్లు అట్లాగే పడి ఉంటాయి కాబట్టి మందు అవసరం పగటికేనని వాదించారు. పోస్తే పొద్దునే పొయ్యాలని కంపెనీ మనిషి చెప్పి వెళ్లాడని కూడా అన్నారు. ఆమె ఊరుకుంది. మర్నాడు మళ్లీ అదే మాట అంది. ఆ మర్నాడు కూడా. మూడు దశాబ్దాల కాపురంలో ఆమె ఇలా ఒకే మాట పట్టుకుని వదలకపోవడం ఆయనకి గుర్తులేదు. చివరికి విసుగెత్తి, సరే, రేపటి నుంచి సాయంత్రమే పోస్తాను, నీళ్లు పచ్చబడితే మాత్రం నువ్వే రుద్దాలి అన్నారు. రుద్దుతానంది.

మర్నాడు సాయంత్రం చీకటి పడుతుండగా ఎప్పటిలాగే బకెట్‌తో గట్టు చుట్టూ తిరిగారు. పొద్దున్నే అలవాటు కొద్దీ లేచి గొట్టంలో నీళ్లు పట్టారు. చుక్కలు వేశారు. గొట్టం పసుపు రంగుకి తిరిగింది.

ఆయన నమ్మలేక పారబోసి, రెండో చివర నీళ్లు పట్టారు. అక్కడా పసుపే. కస్తూరిని పిలిచి చూపించారు. ఆమె కళ్లద్దాలు సవరించుకుని చూసి, నిమ్మకాయ రంగులో బాగుందని మెచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇక ఆగలేక పార్థసారథికి ఫోన్ చేశారు. జరిగిందంతా విన్నాక అవతల నుంచి నవ్వు వినిపించింది.

"సదాశివం గారూ, ఈ మాట చెబుదామని మార్చి నుంచి చూస్తున్నాను. మీరు చెప్పనిస్తేనా? క్లోరిన్‌ని ఎండ తినేస్తుందండీ. మీరు పొద్దున పోసేది సూర్యభగవానుడికి నైవేద్యం."

రాత్రి పోస్తే తినేవాళ్లు లేరు గనక క్రిములను చంపే పని అది నింపాదిగా చేసుకుంటుందని ఆయన వివరించారు. అంతటితో ఆపకుండా, మీ నీళ్లకి స్టెబిలైజర్ ఉందా అని అడిగారు. సదాశివరావు గారు ఉందని చెప్పారు. ఫ్రిజ్ వెనకాల గోడకి బిగించారని చెప్పారు. పార్థసారథి ఈసారి నవ్వు ఆపుకోలేక ఫోన్ భార్య చేతికిచ్చి, కొంచెం తేరుకుని మళ్లీ తీసుకున్నారు. కరెంటు స్టెబిలైజర్ కాదట. అదో తెల్లటి పొడి. క్లోరిన్‌కి గొడుగు పట్టినట్టు పనిచేస్తుందట. నీళ్లలో అది తగుమాత్రం ఉంటే ఎండ ఒక్కసారిగా క్లోరిన్‌ని మింగలేదు.

ఆ ఆదివారమే పార్థసారథి మారుతి కారేసుకుని జనక్‌పురి నుంచి పొడి పొట్లాంతో సహా వచ్చారు. కొలను పొడవు, వెడల్పు, లోతు కొలిపించి, కాగితం మీద లెక్కగట్టి, ఎంత వేయాలో తేల్చారు. పాత సాక్సులో పొడి పోసి మూతి కట్టి, మోటారు నీళ్లు పడేచోట వేలాడదీశారు. అది కరగడానికి కొన్నాళ్లు పడుతుందని చెప్పారు. ఒక హెచ్చరిక కూడా చేశారు. తేలే డబ్బాలో వేసే బిళ్లల్లో కూడా ఈ పొడి ఎంతో కొంత ఉంటుందట. కాబట్టి మంచిది కదా అని మళ్లీ మళ్లీ వేయకూడదు. గొడుగు మరీ పెద్దదైతే దాని కింద క్లోరిన్ నిద్రపోతుందట. మామిడికాయ పప్పు, పెసరట్టుతో భోజనం చేసి, సదాశివరావు గారి లుంగీ మీది మచ్చలను చూసి మళ్లీ నవ్వి, ఆయన వెళ్లిపోయారు.

జూలై వచ్చేసరికి సదాశివరావు గారి జీవితమే మారిపోయింది. వారానికి రెండు సాయంత్రాలు బకెట్ పట్టుకుంటే చాలు. డబ్బాలో బిళ్ల అయిపోతే ఇంకొకటి వేయాలి. తక్కినదంతా మోటారు చూసుకుంటోంది. చేతులకి వాసన పోయింది. పొద్దున్నే ఏం చేయాలో తోచక రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరిగారు. కస్తూరే ఆయనకి నడక మంచిదని, వీధి చివర పార్కులో పెద్దవాళ్లు చాలామంది నడుస్తారని చెప్పి బూట్లు తీసి ముందు పెట్టింది. నేహా కూడా తల్లికి వంత పాడింది. వెళ్తే బాగానే ఉంది. పార్కులో నవ్వుల క్లబ్బు వాళ్లు పరిచయమయ్యారు. చేతులు పైకెత్తి అందరూ ఒక్కసారి నవ్వడం ఆయనకి మొదట్లో సిగ్గనిపించినా తర్వాత అలవాటైంది. రోజూ ఎండెక్కాక తిరిగొచ్చేవారు.

ఒక పొద్దున ఆయన పార్కు గేటు దాటకముందే వాన మొదలైంది. ఉరుములూ మెరుపులూ లేవు, సన్నటి జల్లు. నవ్వుల క్లబ్బు వాళ్లెవరూ రాలేదు. వెనక్కి తిరిగారు. ఇంటి దగ్గరికి వచ్చాక మోటారు గది తలుపు తెరిచి పెట్టానేమోనని అనుమానం వచ్చింది. వాన లోపలికి కొడితే మోటారు పాడవుతుంది. ముందు గుమ్మంలోంచి వెళ్లకుండా పక్క సందులోంచి వెనక్కి నడిచారు.

వరండాలో నేహా కుర్చీ వేసుకుని కాఫీ తాగుతోంది. ఆమె కొలను వైపు చూస్తోంది. ఆయన కూడా అటు చూశారు.

కొలనులో ఎవరో ఈదుతున్నారు. తల నీటి మీదికి ఎత్తి, చేతులు రెండూ ముందుకు చాచి, తెడ్డు వేసినట్టు నీళ్లను పక్కలకు తోస్తూ, నీటి చప్పుడు కూడా పెద్దగా లేకుండా సాగిపోతున్నారు. లోతు చివరికి వెళ్లి, గోడను కాలితో తన్ని, వెల్లకిలా తిరిగి, ముఖం మీద వాన పడుతుండగా కళ్లు మూసుకుని కాళ్లు మాత్రమే ఆడిస్తూ వెనక్కి వస్తున్నారు. నల్లటి పొడుగు కుర్తా, కింద నల్లటి పైజామా. జుట్టు బిగించి ముడివేసి ఉంది. ఆ ముడిని గుర్తుపట్టడానికి ఆయనకి కాసేపు పట్టింది.

నేహా తలతిప్పి ఆయనను చూసింది. "అమ్మా, నాన్న" అంది మెల్లగా.

కస్తూరి గట్టు పట్టుకుని ఆగింది. నీళ్లలోంచి తలెత్తి చూసింది.

"నీకు ఈత వస్తాదా?" అన్నారు సదాశివరావు గారు. ఎన్నేళ్లయినా ఆశ్చర్యం కలిగితే ఆయన నోట కదిరి యాసే వస్తుంది.

"వచ్చండి. చిన్నప్పటి నుంచి. మా ఇంటి వెనక కాలువే కదా. పెళ్లయ్యేదాకా రోజూ అడ్డంగా ఈది అవతలి గట్టు తాకి వచ్చేవాళ్లం, ఆడపిల్లలందరం."

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదే?"

"ఎక్కడ చెప్పనండీ? ఆర్.కె.పురం మూడో అంతస్తులో ఉండేవాళ్లం. బకెట్ నీళ్లు పట్టుకోడానికే తెల్లారగట్ల లేచేవాళ్లం. అక్కడ ఈత మాట ఎలా వస్తుంది?"

ఆయన గట్టు మీద కూర్చున్నారు. వాన మీద పడుతున్నా పట్టించుకోలేదు. నేహా గొడుగు తెచ్చి తండ్రి పక్కన నిలబడి, మిగిలిందంతా తనే చెప్పేసింది. మేలో తనకి జ్వరం వచ్చి ఇంట్లో ఉన్న రోజున, నాన్న బ్యాంకుకి వెళ్లినప్పుడు, అమ్మ మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకోవడం చూసిందట. ఏంటమ్మా అని అడిగితే కాలువ సంగతి బయటపడిందట. అప్పుడే ఈ బట్టలు కొనిపెట్టింది. కానీ దిగడం ఎట్లా? పొద్దున చల్లటి వేళ చూద్దామంటే మందు పోసిన నీళ్లకి కళ్లు మండుతాయి. ఎండెక్కాక పక్క మేడల మీది నుంచి అందరికీ కనిపిస్తుంది. అదీగాక తెల్లవారకముందే నాన్న గట్టు మీద హాజరు. అందుకని క్లోరిన్‌ని సాయంత్రానికి, నాన్నని పార్కుకి పంపించాలని తల్లీ కూతుళ్లు ఆలోచన చేశారు. అమ్మ ఒక్కతే దిగకూడదని తాను షరతు పెట్టి, రోజూ కాఫీ ఇక్కడే తాగుతోంది.

"అచ్ఛా" అన్నారు ఆయన. "మరి తులసి దగ్గర వాసనన్నావే?"

"వాసన కూడా వస్తుందిలెండి" అంది కస్తూరి. ఆమెకు నవ్వొచ్చింది. గట్టు మీద గడ్డం ఆనించి నవ్వింది.

ఆయన మాత్రం నవ్వలేదు. "నేను వద్దంటాననుకున్నావా?" అని అడిగారు.

ఆమె ముఖం మీది నీళ్లు తుడుచుకుంది. "అంటారో అనరో నాకూ తెలియదండీ. ఈ వయసులో ఇదేంటంటే ఏం చెప్పాలో తోచలేదు. ముందే అడిగి కాదనిపించుకోవడం కన్నా, ఈదేసి చివాట్లు తినడం నయం అనిపించింది."

సదాశివరావు గారు ఆ మాటను కాసేపు మనసులో తిప్పుకున్నారు. కోపం రాలేదు. ఇంతకాలం ఒకే ఇంట్లో తిరిగిన మనిషి గురించి తనకి తెలియనిది ఇంత ఉందా అనిపించింది. అంతకు మించి, ఇందాక చూసింది కళ్లలోంచి పోవడం లేదు. క్వార్టర్ల మెట్లు ఎక్కుతూ మోకాలు పట్టుకుని ఆగే మనిషి, నీళ్లలో అంత తేలిగ్గా ఉండటం ఆయన ఊహించలేదు.

"చివాట్లేమీ లేవు" అన్నారు. "ఇంకోసారి ఈదు. ఇందాక సరిగ్గా చూడలేదు."

ఆమె ఈదింది. ఆయన గొడుగు కింద కూర్చుని ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి తల తిప్పుతూ చూశారు. మోటారు గది తలుపు సంగతి మర్చిపోయారు. అది మూసే ఉందని తర్వాత తెలిసింది.

ఆ మధ్యాహ్నం పార్థసారథికి ఫోన్ చేసి చెప్పారు. ఆయన ఈసారి నవ్వలేదు. కెమిస్ట్రీ లెక్చరర్‌నై ఉండి నేను మీచేత మాన్పించలేని పని కస్తూరి గారు అగరొత్తి పేరు చెప్పి మాన్పించారే అని మెచ్చుకున్నారు. ఇంతకీ మీరు కూడా దిగుతున్నారా అని అడిగారు.

దిగడం లేదు. నిజానికి ఇన్ని నెలలు ఆ నీళ్లకి సేవ చేసినా ఆయన అందులో పాదం పెట్టలేదు. ఆయన పెరిగిన చోట మోకాలి పైకి వచ్చే నీళ్లే ఎప్పుడోగానీ ఉండేవి కావు. హరిద్వార్‌లో కూడా గంగ గట్టున కట్టిన గొలుసు రెండు చేతులా పట్టుకుని మూడు మునకలు వేసి బయటపడ్డారు. తనకి నీళ్లంటే భయమని ఆయన ఎవరికీ చెప్పలేదు. కస్తూరికి మాత్రం చెప్పక్కర్లేకపోయింది. మర్నాడు పొద్దున మెట్ల మీద కూర్చుని కాళ్లు ముడుచుకున్న తీరు చూసి ఆమే కనిపెట్టేసింది. రోజూ ఒక మెట్టు కిందికి కూర్చోమని చెప్పింది.

ఆగస్టులో ఇద్దరూ కలిసి కాకినాడ వెళ్లి శేషగిరి కొత్త ఇల్లు చూసొచ్చారు. ఆ ఇంట్లోనే వరలక్ష్మీ వ్రతం చేసుకున్నారు. బావగారు వచ్చారని శేషగిరి వీధిలో వాళ్లందరినీ పిలిచి మరీ పరిచయం చేశాడు. పదిరోజులు ఉన్నా సదాశివరావు గారు ఇంటికి ఒక్కసారే ఫోన్ చేశారు. నేహా ఒక బిళ్ల వేశానని, మూడు నాలుగు రోజులకోసారి సాయంత్రం బకెట్ పోస్తున్నానని, నీళ్లు నీలంగానే ఉన్నాయని చెప్పింది. ఆయన నమ్మారు. తిరిగొచ్చి చూస్తే నిజంగానే నీలంగా ఉన్నాయి.

అప్పటికి ఆయన నడుం లోతు దాకా దిగడం నేర్చుకున్నారు. కస్తూరి పట్టు వదిలే గురువు కాదు. గట్టు పట్టుకుని కాళ్లాడించమంది. ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి వదలమంది. ముక్కులోకి నీళ్లెక్కి ఆయన దగ్గుతుంటే వీపు మీద చరిచి మళ్లీ పెట్టమంది. సెక్రటరీల కింద పనిచేసినప్పుడు కూడా ఇంత భయపడలేదని ఆయన గొణిగారు. పొట్ట కింద చేయి పెట్టి ఆమె తేల్చి పట్టుకుంటే, ఆ చేయి తీసేస్తుందేమోనని మాటిమాటికీ తలతిప్పి చూసేవారు.

"అలా చూస్తే మునుగుతారండీ. ముందుకి చూడండి" అనేది ఆమె.

సెప్టెంబరులో ఒక ఆదివారం భరద్వాజ్ కూడా బెంగుళూరు టూరు నుంచి వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. అతనూ నేహా వరండాలో కూర్చున్నారు. కొలనుకి అడ్డంగా, నడుం లోతులోనే, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వెళ్లమంది కస్తూరి. తాను పక్కనే ఉంటానంది, కానీ ముట్టుకోనంది. సదాశివరావు గారు గోడకి వీపు ఆనించి నిలబడి, అవతలి గోడను చాలాసేపు చూశారు. తర్వాత ముందుకి వాలారు.

అది చూడముచ్చటైన ఈత కాదు. చేతులు ఒకలాగా, కాళ్లు ఒకలాగా కొట్టుకున్నాయి. నీళ్లు వరండా దాకా చిందాయి. సగం దూరంలో ఒకసారి కిందికి పోయారు. నేహా కుర్చీలోంచి లేచింది. కస్తూరి చేయి చాచింది గానీ ముట్టుకోలేదు. ఆయన పైకి తేలారు. ఊపిరి పీల్చుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, మళ్లీ కాళ్లు కొట్టారు. వేళ్లకి గోడ తగిలింది.

నిలబడి, గట్టు పట్టుకుని, ముఖం తుడుచుకున్నారు. "వచ్చేసినానా?" అని అడిగారు.

"వచ్చేశారు" అంది కస్తూరి. "ఇంక పొడుగు వైపు."

"ఉండు తల్లీ, ఊపిరి పీల్చుకోనీ."

నేహా, భరద్వాజ్ నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఆయన కాస్త సిగ్గుపడి, నీళ్లలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నారు. కస్తూరి ఆయన పక్కనే గట్టుకి చేరబడి, ఊపిరి సర్దుకునేదాకా ఆగింది. తర్వాత ఇద్దరూ కలిసి మళ్లీ ఇవతలి గోడ వైపు బయల్దేరారు.